పట్టపగలు వెలిగే చుక్క

కిందటి వారం తిచాఫాను ఆంగ్వా ఏటి అడవి కాపలా పోస్టు వరండాలో ముఖం మాడ్చుకుని కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. పదిహేను రోజుల కిందట పొదల్లోంచి లేచిన అడవిదున్న మీద అతను పేల్చిన గుండు గురి తప్పి దాని ముందు కాలికి తగిలింది. దెబ్బతిన్న దున్న ఊరుకుంటుందా? నేరుగా వచ్చి, జాడలు పడుతూ ముందు నడుస్తున్న పనివాడు జూజే తొడను కొమ్ముతో చీల్చి, మళ్లీ పొదల్లో దూరింది. జూజే ఇప్పుడు గురువే అనే ఊళ్లో, ఆసుపత్రిలో ఉన్నాడు. దున్న ఇంకా పొదల్లోనే ఉంది.

గురి ఎందుకు తప్పిందని జిల్లా కౌన్సిల్ అడిగితే, తూటాలు పాతవి, మందు చెమ్మగిల్లింది అన్నాడు తిచాఫా. ఆ మాట మీద తూటాలు ఇచ్చిన స్టోరు గుమాస్తాను పనిలోంచి ఆపేశారు. ఊరివాళ్లకు ఇంకో కారణం దొరికింది. తిచాఫాది దున్న గోత్రం. పెద్దాచిన్నా అందరూ అతన్ని 'న్యాతీ' అని ఆ గోత్రం పేరుతోనే పిలుస్తారు. సొంత గోత్రపు జంతువు మీద చెయ్యెలా ఆడుతుంది, పాపం అనుకున్నారు. ముప్పై ఏళ్లుగా పంటలు తొక్కే దున్నల్ని కొట్టి, ఒక్క ముక్క నోట పెట్టుకోకుండా ఊరందరికీ పంచిన చెయ్యి అది అని ఎవరికీ గుర్తు రాలేదు. తిచాఫా గుర్తు చెయ్యలేదు. తూటా అనుకున్నా సరే, గోత్రం అనుకున్నా సరే, అసలు సంగతి బయటపడకుంటే చాలనుకున్నాడు. అసలు సంగతి మనకు తెలుసు. రెండేళ్లుగా తుపాకీ కొసన గురి చూసుకోవడానికుండే పూస అతని కంటికి ఆనడం లేదు.

ఆ ఉదయం పది గంటలకు కౌన్సిల్ లారీ దిగింది లవ్‌నెస్. తిచాఫా అక్క కూతురు, హరారేలో తుపాకులు బాగుచేస్తుంది. చేతిలో ఒక రేకు పెట్టె, భుజాన సంచీ. వరండా మెట్ల దగ్గర మోకాళ్లు వంచి, అరచేతులు దొప్పలు చేసి మెల్లగా చప్పట్లు కొట్టి మేనమామకు మర్యాద చేసింది. మర్యాద అంతవరకే.

"ఏం మావయ్యా, మీసాలు నెరిశాయి గానీ బుద్ధి ఇంకా ముదిరినట్టు లేదే?"

"వచ్చావా తల్లీ! తుపాకులు పట్టుకు తిరిగే పిల్లని ఎవడు చేసుకుంటాడని మీ అమ్మ నా ప్రాణం తీస్తోంది."

"తుపాకీ లేకుండా తిరిగిన అమ్మకి దొరికినవాణ్ని చూశాంలే."

తిచాఫా నవ్వాడు. పదిహేను రోజుల్లో అదే మొదటి నవ్వు. మేనకోడలు ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు ఆ దేశంలో. మేనమామను ఆట పట్టించడం ఆమె హక్కు. పెద్దవాడి ముఖం మీద చేదు మాట చెప్పాల్సి వస్తే ఇంట్లోవాళ్లు కబురు పెట్టేదీ ఆమెకే. ఈ రెండో సంగతి తిచాఫాకు ఆ పూట గుర్తు రాలేదు.

లవ్‌నెస్ రేకు పెట్టె తెరిచి, బల్ల మీద పాత దుప్పటి పరిచి, మూడు స్కోపులు, తుపాకీ మీద బిగించే దుర్భిణీలు, వరసగా పెట్టింది. జూజేకి దెబ్బ తగిలాక కౌన్సిల్ చేసుకున్న తీర్మానం అది. పోస్టులో ఉన్న పెద్ద రైఫిల్‌కి స్కోపు బిగించాలి, మూడింట్లో ఏది కావాలో న్యాతి ఎంచుకోవాలి.

"మూడూ ఒకటి దగ్గర మొదలవుతాయి," అంది. "ఒకటి మీద పెడితే ఉన్నది ఉన్నంతే కనిపిస్తుంది. తిప్పే కొద్దీ దగ్గరకొస్తుంది. ఇది నాలుగింతల దాకా, ఇది ఆరు దాకా, ఇదేమో పది. మూడింట్లోనూ మధ్యలో ఎర్రగా వెలుగుతుంది."

"నేను పూసతో కొట్టినన్ని దున్నల్ని ఈ గాజుగొట్టాలు పెట్టుకున్నవాళ్లు బొమ్మల్లో కూడా చూసుండరు."

"అవును మావయ్యా. చూడు ముందు."

ఒక్కొక్కటీ కంటికి పెట్టుకుని వరండా చివర తడిక వైపు చూశాడు. పది దాకా పోయేది చేతికి బరువుగా ఉంది, గీతలూ అంకెలూ చాలా ఉన్నాయి, నడుమ ఎర్ర గుర్తు నిప్పులా కనిపించింది. పెద్దది పెద్దదేగా అనుకున్నాడు.

"ఇదే. ఇంక చూడక్కర్లేదు."

లవ్‌నెస్ కాదనలేదు, ఔననలేదు. "బిగించే ముందు రైఫిల్ ఒకసారి తుడుస్తాను," అని లోపలికి తీసుకెళ్లింది. తిచాఫా సీసాలో ఉన్న పుల్లటి మహేవు అంబలి గ్లాసులో పోసుకుని తాగుతూ కూర్చున్నాడు. లోపల సుత్తితో రెండుసార్లు టక్ టక్‌మని చిన్న చప్పుడైంది. తుడవడానికి సుత్తి ఎందుకని అతనికి తోచకపోలేదు. అయినా తన పని తనకు తెలియని పిల్లా ఏం? అడగలేదు.

బయటికొచ్చి రైఫిల్ అందించింది. "పూసతోనే ఒకసారి గురిపెట్టు మావయ్యా. నీ చెంప ఎక్కడ ఆనుతుందో చూసుకోవాలి, దాన్నిబట్టి స్కోపు ఎత్తు."

తిచాఫా అలవాటు ప్రకారం బోల్టు లాగి, తూటా గదిలో చిటికెన వేలు పెట్టి ఖాళీగా ఉందని చూసుకున్నాడు. యాభై అంగల దూరంలో చీమలపుట్టకు ఆనించి తెల్ల రంగు డబ్బా మూత ఒకటి పెట్టి ఉంది. రైఫిల్ భుజానికెత్తాడు. ఆ ఎత్తడంలో మాత్రం వయసు లేదు. ముప్పై ఏళ్లనాడు ఎలా ఎత్తేవాడో అలాగే ఎత్తాడు.

"పూస ఎక్కడుంది?"

"మూత మధ్యలో."

"కదులుతోందా?"

"కదలడమేంటి? రాయిలా ఉంది."

"కింద అంచు మీదికి తీసుకురా."

"ఇదిగో, తెచ్చాను."

లవ్‌నెస్ వచ్చి అతని పక్కన నిలబడి గుప్పిట తెరిచింది. అరచేతిలో, కందిగింజంత, ఇత్తడి పూస.

తిచాఫా పూస వైపు చూశాడు. రైఫిల్ కొస వైపు చూశాడు. కొసమీద పూసకు గొడుగులా ఉండే రేకు ఒక్కటే ఉంది, దాని కింద ఏమీ లేదు. రెండేళ్లుగా అక్కడ మసకను చూడ్డం అలవాటైపోయి, మసక కూడా లేకపోతే పోల్చుకోలేకపోయాడు. ముఖంలోకి రక్తమంతా ఎక్కింది. రైఫిల్‌ని బల్లమీద పెట్టి గట్టిగా, "సిగ్గు లేదూ నీకు?" అన్నాడు.

"లేదు మావయ్యా. నువ్వే అంటావుగా ఎప్పుడూ."

కోపం నిలబడలేదు. కోపగించుకోవడానికి వీల్లేని మనిషి ముందు కోపం ఎంతసేపు నిలుస్తుంది? కుర్చీలో కూర్చున్నాడు. ఏటివైపు చూశాడు. అవతలి ఒడ్డున కొంగలు లెక్కపెట్టమంటే లెక్కపెట్టగలడు, ఆ కళ్లు అలాంటివి. చెయ్యి చాపినంత దూరంలో ఉన్నదే పట్టదు.

"కళ్లజోడు పెట్టుకుంటే పూస కనిపిస్తుంది, దున్న కనిపించదు," అన్నాడు. "చూశాను పెట్టుకుని. ఎవరూ లేనప్పుడు."

"తెలుసు. వయసొస్తే అందరికీ అంతే. తుపాకీ వెనక గాటు, కొసన పూస, అవతల జంతువు, మూడూ మూడు దూరాల్లో ఉంటాయి, మూడింటినీ ఒక్క కన్నే చూడాలి. నా దగ్గరికొచ్చే వేటగాళ్లలో సగం మంది నీలాంటివాళ్లే. ఒక్కడూ ఒప్పుకోడు."

"నీకెవరు చెప్పారు?"

"జూజే."

తిచాఫా తలెత్తాడు.

"నిన్న వస్తూ ఆసుపత్రికెళ్లాను. రమ్మని కబురు పెట్టింది అతనే. 'నేను పనివాణ్ని, నేను అనకూడదు. నువ్వు మేనకోడలివి, నువ్వనొచ్చు' అన్నాడు." లవ్‌నెస్ గొంతులో ఇప్పుడు ఆట లేదు. "ఒక మాట చెప్పు. నాలుగేళ్ల కిందట దున్నని ఎన్ని అంగల్లో కొట్టేవాడివి?"

"నలభై. ఒక్కోసారి యాభై."

"కిందటేడు?"

"పాతిక ఉంటుందేమో."

"మొన్న?"

"పదకొండు," అన్నాడు తిచాఫా. తర్వాత తనే కొలిచాడు.

"అంత దగ్గరికి ఎవరు తీసుకెళ్లారు మావయ్యా?"

"జూజే. వాడికి ఈమధ్య ధైర్యం ఎక్కువైంది. నేనూ..." ఆగాడు. 'నేనూ మెచ్చుకున్నాను' అనబోయాడు. రెండేళ్లుగా సాయంత్రాలు బీరు కుండ దగ్గర అందరితో చెప్పుకున్న గొప్పే అది. మా జూజే దున్న ముక్కు కింద నిలబెడతాడు నన్ను అని.

"ధైర్యం కాదు," అంది లవ్‌నెస్. "నీకు పూస కనిపించడం లేదని అతనికి మొదట్లోనే తెలిసింది. దూరం నుంచి కొడితే తప్పుతావని, తప్పితే నీ ఉద్యోగం పోతుందని, ప్రతిసారీ కొంచెం దగ్గరికి తీసుకెళ్లాడు. తప్పడానికి వీల్లేనంత దగ్గరికి. 'ఆ రోజు ఇంకో రెండంగలు తీసుకెళ్లాల్సింది, నాదే పొరపాటు' అన్నాడు నాతో. మంచం మీద పడుకుని."

తిచాఫాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ముంజేత్తో ముఖం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకోవాల్సొచ్చింది. లవ్‌నెస్ సంచిలోంచి ఎండిన మసావు పళ్ల పొట్లం తీసి బల్లమీద పెట్టి, తనొకటి నోట్లో వేసుకుని, పక్కనే కూర్చుంది. ఓదార్పు మాటలు ఆమెకు రావు. చేతకానప్పుడు ఊరుకోవడం చేతనవును.

కాసేపటికి తిచాఫా తనే లేచాడు. "పద," అన్నాడు. "ఆ గొట్టాలు ఎండలోకి తీసుకురా. వరండా నీడలో దీపమైనా నిప్పులాగే ఉంటుంది."

"ఆ మాట ఎప్పుడంటావా అని చూస్తున్నా."

అక్టోబరు, అక్కడ మండువేసవి. మిట్టమధ్యాహ్నం. నేల తెల్లబడిపోయింది, ఎండుగడ్డి కళ్లలో గుచ్చుకుంటోంది. తిచాఫా వరండాలో మెచ్చుకున్న పది దాకా పోయే స్కోపును ఒకటి మీద పెట్టి గడ్డి వైపు చూశాడు. నిప్పు ఏదీ? వెలుగు మీట చివరంటా తిప్పాడు. ఎర్రదనం ఎండలో కలిసిపోయి జాడ లేదు. దానికితోడు అంకె తగ్గించేసరికి లోపలి గీతలు కూడా చిక్కిపోయి, సాలెగూడు పోగుల్లా, ఉన్నాయో లేవో తెలియకుండా అయ్యాయి.

"ఇది దూరాన ఉన్న జింకలకి," అంది లవ్‌నెస్. "పది మీద పెడితే గీతలు పెరుగుతాయి. పది మీద పెట్టుకుని పొదల్లో దున్నకోసం చూస్తే దాని బొచ్చు కనిపిస్తుంది, ఏ చోటి బొచ్చో తెలీదు."

రెండోది నాలుగు దాకా. చిన్నది, తేలిక. ఎండలోనూ చుక్క కనిపించింది. తిచాఫాకు నచ్చింది కూడా. లవ్‌నెస్ మాత్రం స్కోపుకీ అతని కనుబొమకీ మధ్య తన వేళ్లు పెట్టి చూసి, మూడు వేళ్లకే నిండిపోతే పెదవి విరిచింది. "ఈ తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నితే ఇది నీ కనుబొమ చీరేస్తుంది. కనీసం నాలుగు వేళ్లు ఉండాలి. చిన్న తుపాకీకైతే బంగారం."

మూడోది ఆరు దాకా. కంటి దగ్గరుండే కట్టును లవ్‌నెస్ కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయింది. "ఆకాశంకేసి చూడు. చుక్క అంచు పదునుగా కనిపించగానే ఆపమని చెప్పు."

"ఆపు."

ఒకటి మీద పెట్టి, రెండు కళ్లూ తెరిచి, గడ్డి వైపు చూశాడు. గొట్టంలోంచి చూస్తున్నట్టే లేదు. ఎండలో గడ్డి, గడ్డి మీద ఎర్ర చుక్క. గడ్డీ స్పష్టంగానే ఉంది, చుక్కా స్పష్టంగానే ఉంది. దేన్ని చూడాలా అని కన్ను పరుగులు పెట్టక్కర్లేదు. రెండేళ్ల తర్వాత తుపాకీ మీద చెంప పెట్టి స్పష్టంగా చూడ్డం అదే. దించి, మళ్లీ ఎత్తాడు. మళ్లీ దించి, ఎత్తాడు. ఎత్తిన ప్రతిసారీ చుక్క అక్కడే ఉంది.

"ఇంక చాలా?" అంది లవ్‌నెస్.

"చాలదు. ఎండలో గడ్డినెవడు కొడతాడు? అది నీడలో ఉంటుంది, మనం ఎండలో ఉంటాం." ఇక్కణ్నుంచి ఆమెకు తెలియని విద్య. లారీ టైరులోంచి తీసిన పాత ట్యూబొకటి తడిపి, ముపానీ చెట్ల కింద చిక్కటి పొదలో వేలాడదీయమన్నాడు. తడిసిన నల్ల రబ్బరు. నీడలో దున్న తోలు అంతే ఉంటుంది. తను ఎండలో నిలబడి చూశాడు. చుక్క చింపిరి జుట్టులా చెదిరి ట్యూబుని సగం కప్పేసింది.

"ఎక్కువైంది," అన్నాడు. మీట తిప్పుకుంటూ పోయాడు. ఏడు. ఐదు. మూడు దగ్గర చెదరడం ఆగి, చుక్క చుక్కలాగే ఉంది, వెనక నలుపూ కనిపించింది. "ఎండలో ఏడు, పొదలో మూడు. కళ్లు మూసుకుని వేలితో లెక్కపెట్టి తిప్పడం నేర్చుకోవాలి."

"ఈ పరీక్ష నాకెవరూ నేర్పలేదు," అంది లవ్‌నెస్. నిజంగానే అంది.

బిగించడానికి ముప్పావు గంట పట్టింది. తర్వాత పాతిక అంగల్లో అట్టముక్క పెట్టి, తిచాఫా మూడు గుళ్లు పేల్చాడు. లవ్‌నెస్ మరలు రెండు తిప్పింది. ఇంకో మూడు పేల్చాడు. అట్ట తెచ్చి చూస్తే చివరి మూడు చిల్లులూ కలిపి ఒక అరచేతి కింద దాగిపోయాయి.

"మంచి తూటాలే," అంది లవ్‌నెస్, ఖాళీ తూటా గొట్టాలు ఏరుతూ. "ఇవి ఏ పెట్టెలోవి?"

తిచాఫా అట్టమీంచి చూపు తీయలేదు. "ఆ పెట్టెలోవే," అన్నాడు.

ఇద్దరూ మొక్కజొన్న సంకటి సద్‌జా, ఆకుకూర వండుకుని తిన్నారు. మూడు గంటలకు రేడియో గరగరమంది. రోజూ ఆ వేళకు ముషుంబి ఆఫీసు నుంచి అడవి వార్డెన్ పోస్టులన్నిటినీ వరసగా పలకరిస్తాడు. ఒక పోస్టువాళ్లు మాట్లాడేది మిగతా నాలుగు పోస్టుల వాళ్లూ వింటారు. చాలా పెళ్లిళ్లు కుదిరాయి, చాలా పరువులు పోయాయి ఆ రేడియోలో.

"ఆంగ్వా. న్యాతీ, స్కోపు సంగతేమైంది?"

"కుదిరింది. ఆరు దాకా పోయేది తీసుకున్నాం." తిచాఫా రేడియో మీట వదల్లేదు. వదిలితే మళ్లీ నొక్కలేనని అతనికి తెలుసు. "ఇంకో మాట. తూటాలు మంచివే. స్టోరు గుమాస్తా తప్పేం లేదు. అతన్ని పనిలోకి పిలవండి. నా గోత్రానికీ దీనికీ సంబంధం లేదు. నాకు పూస కనిపించడం లేదు. రెండేళ్లుగా కనిపించడం లేదు. జూజేకి తగిలింది నావల్ల."

నాలుగు పోస్టుల్లోనూ ఎవరూ దగ్గలేదు.

"విన్నాను న్యాతీ," అన్నాడు వార్డెన్ చివరికి. మంచివాడు, గొంతు పెంచలేదు. "గుమాస్తాను ఇవాళే పిలిపిస్తా. మీరు మాత్రం రైఫిల్ కింద పెట్టండి. కళ్ల డాక్టరు కాగితం నా బల్లమీదకొచ్చేదాకా మీరు తుపాకీ ముట్టకూడదు. రేపు ఇక్కణ్నుంచి ఇంకో మనిషిని పంపుతాను."

"సరే," అన్నాడు తిచాఫా.

రైఫిల్ తీసి, ఖాళీగా ఉందని చూసి, తూటాల పెట్టెతో సహా లవ్‌నెస్ చేతికిచ్చాడు. బాధపడతాననుకున్నాడు. బాధ లేదు. వీపు మీది మూట దింపినట్టుంది. ఈ సాయంత్రం లారీలో గురువే ఊరికి వెళ్లి జూజే మంచం పక్కన కూర్చోవాలి, ఏమనాలో అప్పుడు చూసుకోవచ్చు అనుకున్నాడు.

ఏటి గట్టున కూరగాయల తోటల వైపు నుంచి రేకు డబ్బాలు వాయిస్తున్న మోత మొదలైంది. ఒకటి కాదు, నాలుగైదు. దాని వెనకే ఊరామె ఒకతె, ఫరాయి తల్లి, పరుగెత్తుకుంటూ వచ్చింది, చెప్పులు లేవు, తలగుడ్డ లేదు.

"న్యాతీ! ఆ కుంటి దున్న తోటలోకొచ్చింది! మేమంతా కంచె దూకేశాం, మా అత్త దూకలేక నీళ్ల తొట్టి గోడమీదికెక్కింది. అది అక్కణ్నుంచి కదలడం లేదు, గోడ చుట్టూ తిరుగుతోంది. గోడ నడుమెత్తు కూడా లేదు న్యాతీ!"

తిచాఫా చెయ్యి దానంతటదే రైఫిల్ వైపు లేచింది. సగంలో ఆపుకున్నాడు. రైఫిల్ లవ్‌నెస్ చేతుల్లో ఉంది.

"ఎప్పుడైనా ప్రాణమున్నదాని మీద పేల్చావా?" అన్నాడు.

"లేదు. కాగితాల మీదే."

"చుక్క ఎంతమీదుంది?"

లవ్‌నెస్ వేలితో తడిమింది. "ఏడు."

"అక్కడే ఉంచు. అది పొదలోకి తిరిగితే మూడుకి దించు. మూడు తూటాలు లోపల పెట్టు, రెండు వేళ్ల మధ్య పట్టుకో."

చెబుతూనే మెట్లు దిగాడు. ఉత్త చేతులతో, ఆమెకంటే నాలుగంగలు ముందు, జూజే ఎప్పుడూ నడిచే చోట. నేలమీద చూపు నిలిపి తోటల దారి పట్టాడు.

"మావయ్యా!" లవ్‌నెస్ తూటాలు పెట్టుకుంటూ వెనకే దిగింది. "నా గురి తప్పితే?"

"తప్పితే ముందు నడిచేవాడికి ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు," అన్నాడు తిచాఫా, వెనక్కి తిరక్కుండా. "రా."

తోటల వైపు డబ్బాల మోత ఉన్నట్టుండి ఆగిపోయింది.